కోఠిలో కొన్న చర్యా రేటు ప్రయోగ పెట్టె: సామగ్రి మేలు, సూచనల కాగితం అరకొర

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కోసం, క్రియాజనకాల (చర్యలో పాల్గొనే పదార్థాల) గాఢత చర్యా రేటును, అంటే చర్య వేగాన్ని, ఎలా మారుస్తుందో చూపే ప్రయోగ పెట్టెను కోఠిలోని ఒక దుకాణంలో కొన్నాను. ఇందులో సోడియం థయోసల్ఫేట్, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక కోనికల్ ఫ్లాస్కు, రెండు కొలజాడీలు, నల్లటి ఇంటూ గుర్తు ముద్రించిన తెల్ల అట్ట ఉన్నాయి. గాజు మందంగా ఉంది, కొలజాడీల మీది గీతలు స్పష్టంగా ఉన్నాయి.

రెండు ద్రావణాలను కలిపితే గంధకం సన్నని రేణువులుగా ఏర్పడి ద్రావణాన్ని మసకబారుస్తుంది. ఫ్లాస్కు కింది గుర్తు పైనుంచి చూసేవారికి కనబడకుండా పోవడానికి పట్టే సమయమే ఇక్కడ కొలత. థయోసల్ఫేట్ గాఢతను సగం చేస్తే ఆ సమయం దాదాపు రెట్టింపవుతుంది. గాఢతకు ఎదురుగా సమయపు విలోమాన్ని గుర్తించి గ్రాఫు గీస్తే ఇంచుమించు సరళరేఖ వస్తుంది కనుక, పాఠంలో బట్టీపట్టిన ప్రథమ క్రమాంకం, అంటే గాఢత ఎంత మారితే రేటూ అదే నిష్పత్తిలో మారడం, విద్యార్థికి తన చేతిలోనే రుజువవుతుంది. ఈ ఒక్క కారణానికే పెట్టె ధర గిట్టుబాటయిందని నా అభిప్రాయం.

లోపమంతా సూచనల కాగితంలోనే ఉంది. 50 మిల్లీలీటర్ల థయోసల్ఫేట్‌తో మొదలుపెట్టి 40, 30, 20కి తగ్గించమని చెప్పిన ఆ కాగితం, తగ్గినంత మేరకు నీరు పోసి మొత్తాన్ని మళ్లీ 50కి తేవాలని ఎక్కడా చెప్పదు. నీరు పోయకపోతే థయోసల్ఫేట్ గాఢత తగ్గవలసినంత తగ్గదు, ఆమ్లం గాఢత ప్రతిసారీ మారిపోతుంది, పైగా ద్రవం లోతు తగ్గి గుర్తు ఎక్కువసేపు కనబడుతుంది. అప్పుడు కొలిచిన తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేరు. గాఢత పెరిగితే అన్ని చర్యలూ వేగం పుంజుకుంటాయని ఆ కాగితంలో ఉన్న వాక్యం కూడా సరికాదు; వేడి ప్లాటినం తలంపై అధిక పీడనంలో జరిగే అమోనియా వియోగం (విడిపోవడం) వంటి శూన్య క్రమాంక చర్యల రేటు గాఢతతో మారదు. ఆ వాక్యాన్ని మా అమ్మాయే పెన్సిలుతో కొట్టివేసింది.

ఉష్ణోగ్రత ఊసే ఎత్తకపోవడం హైదరాబాదు వేసవిలో చిన్న విషయం కాదు. పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యల రేటు ఇంచుమించు రెట్టింపవుతుంది కాబట్టి, ఉదయం కొన్ని కొలతలు, మిట్టమధ్యాహ్నం కొన్ని తీసుకోకుండా అన్నింటినీ ఒకే పూట ముగించాలి. చర్యలో సల్ఫర్ డయాక్సైడ్ కూడా వెలువడుతుంది. కిటికీలు తెరిచి ఉంచడం, ఉబ్బసం ఉన్నవారు ఆ గదిలో లేకుండా చూడటం తప్పనిసరి.