ఆకాశరామన్న ఉత్తరమా, సంతకం పెట్టిన అర్జీయా? పనిచోట తప్పు కనబడితే ఏది మేలు

రణస్థలం వైపు ఒక మందుల ఫ్యాక్టరీ టైమాఫీసులో 11 ఏళ్లు పనిచేశాను. ఒక మధ్యాహ్నం భద్రతా శిక్షణ రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది. మర్నాడు ఆడిట్. నెల కిందటి తేదీ వేసి, 38 మంది కాంట్రాక్టు కార్మికుల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. సంతకాల గడులు మాత్రం ఖాళీ. రసాయనం ఒలికితే ఏం చేయాలి, మంటలు లేస్తే ఎటు పరుగెత్తాలి అన్న విషయాల మీద గంటన్నర శిక్షణ ఇచ్చినట్టు పైన రాశారు. అలాంటి శిక్షణే జరగలేదు. సాయంత్రంలోగా సంతకాలు చేయించమని నాకు చెప్పారు.

మూడో వరుసలో ఉన్న మనిషి ఆ తేదీన పనికే రాలేదు. మస్టరు, అంటే హాజరు పుస్తకం, రాసేది నేనే కాబట్టి నాకు తెలుసు. ఊళ్లో అమ్మవారి పండగ అని రెండు రోజులు సెలవు పెట్టాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో అతను లేడు, రెండోదానిలో ఉన్నాడు. పిలిచి రిజిస్టరు అతని వైపు తిప్పాను. "ఇదేమిటి బాబూ?" అని అడిగాడు. "ఆడిట్ కోసం" అన్నాను. ఇంకో మాట అడగకుండా సంతకం పెట్టాడు. నన్ను నమ్మి పెట్టాడు. ఆ సంతకం చేయించిన చెయ్యి నాదే. ఆ సంగతి ఇవాళ్టికీ నన్ను బాధపెడుతుంది.

పైడిభీమవరం నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా ఉన్న ఫ్యాక్టరీల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు ఎందరు పనిచేస్తున్నారో మన ఊళ్లలో ప్రతి వీధికీ తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. ఎటు పరుగెత్తాలో చెప్పకుండానే చెప్పినట్టు రాసుకున్న కాగితం ఎంత ప్రమాదకరమో ఆ తేదీలు చూస్తే అర్థమవుతుంది.

తప్పు కళ్లబడ్డాక ఉద్యోగికి ఉన్న దారులు మూడే. నోటితో చెప్పడం, పేరు లేకుండా ఉత్తరం రాయడం, సంతకం పెట్టి అర్జీ ఇవ్వడం. ఊరుకోవడాన్ని నేను దారిగా లెక్కపెట్టను. ఈ మూడూ ఒకే ఏడాదిలో, ఒకే ఫ్యాక్టరీలో నా కళ్ల ముందు జరిగాయి. అందుకే పక్కపక్కన పెట్టి చెప్పగలుగుతున్నాను.

నోటిమాట

దీన్ని తక్కువ చేయకూడదు. ఒకసారి కళ్లు కడుక్కునే కుళాయికి అడ్డంగా డ్రమ్ములు పేర్చేశారు. ఆమ్లం కంట్లో పడితే కుళాయి దగ్గరికి వెళ్లడానికి క్షణాలే ఉంటాయి. షిఫ్టు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి, "అయ్యా, ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాను. అరగంటలో డ్రమ్ములు పక్కకు వెళ్లాయి. దానికి ఉత్తరం రాసి, ఇన్‌వార్డు నంబరు వేయించి కూర్చుంటే ఆ లోపల ఎవరి కన్నో పోయేది. అక్కడికక్కడ చేత్తో సరిచేయగలిగిన ప్రతిదానికీ నోటిమాటే మేలు. చాలామంది అధికారులు చెడ్డవాళ్లు కారు. పని ఒత్తిడిలో చూడరు, చూపిస్తే సరిచేస్తారు.

శిక్షణ రిజిస్టరు సంగతి కూడా మొదట నోటితోనే చెప్పాను. "చూద్దాం, ఆడిట్ అయిపోనివ్వండి" అన్నారు. ఆడిట్ అయిపోయింది. రెండు నెలలకు ఆ ఇన్‌చార్జి బదిలీ మీద వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన, "నాకెవరూ చెప్పలేదే" అన్నారు. ఆయన అన్నది నిజమే. నా మాట పాత ఇన్‌చార్జితో పాటే వెళ్లిపోయింది. అవతలివాడికి సరిచేయాలన్న మనసు ఉన్నచోట నోటిమాట పనిచేస్తుంది. తప్పు పైనుంచే వచ్చినప్పుడు దానికి బలం లేదు.

ఆకాశరామన్న ఉత్తరం

ఈ దారి పట్టేవాళ్లను నేను తప్పుపట్టను. కాంట్రాక్టు కార్మికుడి ఉద్యోగం మేస్త్రీ నోట్లో ఉంటుంది. "రేపటి నుంచి రావద్దు" అనే ఒక్క మాటతో పోతుంది. తప్పు బయటపెట్టినవాళ్లను కాపాడేందుకు 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది కానీ దాన్ని అమల్లోకి తేలేదు. పైగా అది ప్రభుత్వ సేవకుల అవినీతి గురించిందే. ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఎలాగూ అండ కాదు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె కళ్ల ముందు మెదులుతుంటే పేరు దాచుకోవాలనిపించడం సహజం.

కానీ మా దగ్గర ఏం జరిగిందో చెబుతాను. శిక్షణల గురించి, ఓవర్‌టైమ్ గంటలు కోసేయడం గురించి పై ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. నాలుగు పేజీలు. అందులో రెండు పేజీలు అక్షరసత్యం. మిగతా రెండు పేజీల్లో ఒక మేనేజరు ఇంటి విషయాలు, ఎవరికి ఎవరు బంధువో, ఎవరు ఎవరితో కలిసి తిరుగుతున్నారో రాశారు. పేరు రాయనక్కర్లేదు అనుకున్నప్పుడు కలం అదుపు తప్పుతుంది. యాజమాన్యం ఆ చెత్త పేజీలు చూపించి, "ఇది కక్షతో రాసింది" అని మొత్తం ఉత్తరాన్నే పక్కన పెట్టేసింది. నిజం కూడా వాటితోపాటే పోయింది.

అంతకంటే ఘోరం తర్వాత జరిగింది. ఉత్తరంలో ప్రయోగశాల వివరాలు కొన్ని ఉన్నాయని అక్కడి అసిస్టెంటు ఒకతని మీద అనుమానం పడింది. అతను రాశాడనడానికి ఏ ఆధారమూ లేదు. అతనే రాశాడని నేను ఇప్పటికీ నమ్మను. వరుసగా మూడు నెలలు రాత్రి షిఫ్టులు వేశారు. ఇంట్లో నెలల పిల్ల. చివరికి తనే రాజీనామా ఇచ్చి విజయనగరం వెళ్లిపోయాడు. వెళ్లే రోజు హాజరు కార్డు నా చేతికిచ్చి, "నేను రాయలేదండీ" అన్నాడు. నేను అడగలేదు. అయినా చెప్పాడు. రాసినవాడు దాక్కోవచ్చు. వెతికేవాళ్లకు మాత్రం ఎవరో ఒకరు దొరకాలి.

ఇంకో లోపం కూడా ఉంది. విచారణాధికారికి సందేహం వస్తే అడగడానికి మనిషి ఉండడు. కేంద్ర ప్రభుత్వంలో అవినీతి మీద నిఘా ఉంచే కేంద్ర విజిలెన్స్ కమిషన్ పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోకూడదని నియమమే పెట్టుకుంది. పేరు లేని ఉత్తరం ఎక్కడైనా పనిచేస్తుందంటే, ఫలానా రిజిస్టరు, ఫలానా పేజీ, ఫలానా తేదీ అని బయటివాడు తనంతట తాను వెళ్లి సరిచూసుకోగలిగే ఆధారం చూపించినప్పుడే. మనుషుల గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు. అలా రాసినవి చాలా అరుదు.

సంతకం పెట్టిన అర్జీ

ఆ అసిస్టెంటు వెళ్లిపోయాక మేం ఆరుగురం ఒకచోట కూర్చున్నాం. ఇద్దరు పర్మినెంటు ఉద్యోగులు, ముగ్గురు కాంట్రాక్టు కార్మికులు, నేను. అర్జీ ఒకే పేజీ. శిక్షణ రిజిస్టరులో ఉన్న తేదీ, ఆ రోజు మస్టరులో గైర్హాజరైన వాళ్ల సంఖ్య, రెండు రిజిస్టర్ల పేజీ నంబర్లు. ఆ సంతకాలు చేయించింది నేనేనని కూడా రాశాను. నా వంతు తప్పు దాచిపెట్టి ఎదుటివాళ్ల తప్పు రాస్తే ఆ కాగితం మీద నాకే నమ్మకం ఉండేది కాదు. చివర ఒకే కోరిక: "ఈ 38 మందికి నిజమైన శిక్షణ తెలుగులో ఇప్పించండి." ఎవరినీ శిక్షించమని అడగలేదు.

రెండు ప్రతులు తీసుకెళ్లాం. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాం. గుమాస్తా ముద్ర వేయడానికి తటపటాయిస్తే, ఆరుగురమూ అక్కడే నిలబడ్డాం. ఎవరూ గొంతు పెంచలేదు. పది నిమిషాలకు వేశాడు. అర్జీలో అన్నిటికంటే విలువైనది ఆ ముద్రే. "నాకెవరూ చెప్పలేదు" అన్న మాటకు ఇక చోటుండదు.

ఒక జాగ్రత్త. రిజిస్టర్ల ఫోటోలు తీసి ఫోనులో పెట్టుకోలేదు, పేజీలు ఇంటికి తీసుకుపోలేదు. కంపెనీ రికార్డు కంపెనీదే. మందుల తయారీ కాగితాలు బయటికి తీసుకెళ్తే మన మీదే కేసు పడవచ్చు, అసలు ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. పుస్తకం పేరు, పేజీ, తేదీ సొంత డైరీలో రాసుకుంటే చాలు.

లోపలికా, బయటికా?

సంతకమే మేలని తేలాక మిగిలే ప్రశ్న, ఆ కాగితం ఎవరికివ్వాలి అని. నేనైతే ముందు లోపలికే అంటాను. తప్పును సరిచేసుకునే అవకాశం సంస్థకు ఇవ్వడం న్యాయం, పని కూడా త్వరగా అవుతుంది. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షను ప్రకారం స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు, ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్లు దాటి అప్పు తెచ్చినవి ఉద్యోగుల ఫిర్యాదుకు ప్రత్యేక ఏర్పాటు ఉంచాలి. ఫిర్యాదు చేసినవాళ్లను వేధించకుండా రక్షణ కూడా అందులో భాగమే. ప్లాంటులో పై అధికారే తప్పు చేస్తుంటే, డైరెక్టర్ల బోర్డులోని ఆడిట్ కమిటీ అధ్యక్షుడికే నేరుగా రాయడానికి ఆ ఏర్పాటులో వీలుంది.

ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమైతే మాత్రం లోపలి జవాబు కోసం ఎదురుచూడకూడదు. మేం పనిచేసిన కాలంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఉండేది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో దానికి 41హెచ్ సెక్షను చేర్చి, ముంచుకొస్తున్న ప్రమాదం గురించి యజమానితో పాటే ప్రభుత్వ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. అప్పుడే చేర్చిన 118ఎ ప్రకారం ఫిర్యాదు ఎవరి నుంచి వచ్చిందో ఇన్‌స్పెక్టరు బయటపెట్టకూడదని ఉండేది. ఫిర్యాదు మీదే తనిఖీకి వచ్చానని కూడా యజమానికి చెప్పకూడదని ఉండేది. పేరు దాచుకోవాలనుకునేవాళ్లకు ఆకాశరామన్న కంటే అది ఎంత మెరుగో చూడండి. ఉత్తరంలో పేరుండేది, ఆ పేరు ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చేది కాదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి వచ్చింది. ప్రమాదం ముంచుకొస్తుంటే ఇద్దరికీ ఒకేసారి చెప్పే హక్కు అందులోనూ ఉంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి విషయంలో 2004 నుంచి ఇలాంటి మధ్యే మార్గమే ఉంది. కవరు మీద పేరు రాయకూడదు, లోపలి ఉత్తరంలో రాయాలి. కేంద్ర విజిలెన్స్ కమిషన్ దాన్ని రహస్యంగా ఉంచుతుంది. జాతీయ రహదారి పనుల్లో అక్రమాలు బయటపెట్టిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003లో హత్యకు గురయ్యాక వచ్చిన ఏర్పాటు అది.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల సంగతి చాలామంది అడుగుతారు. రసీదు ఇస్తారు, అది మంచిదే. అయితే ఆ అర్జీ తిరిగి సంబంధిత శాఖకే వెళ్తుంది, దానితో పాటు మన పేరూ వెళ్తుంది. ఫ్యాక్టరీ భద్రత విషయమైతే నేరుగా ఇన్‌స్పెక్టరుకే ఇవ్వండి. జీతంలో 12 శాతం భవిష్యనిధి (పీఎఫ్) కోసి, పాస్‌బుక్కులో జమ కాకపోతే భవిష్యనిధి కార్యాలయానికే రాయండి. ఆధారం వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది.

రెండు విషయాల్లో గడువు గుర్తుంచుకోవాలి. లైంగిక వేధింపు మీద మహిళ చేసే ఫిర్యాదు మూడు నెలల్లోగా, రాతపూర్వకంగా ఉండాలి. కారణం చూపితే ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. ఆమెకు రాయడం రాకపోతే ఫిర్యాదు తీసుకునే కమిటీయే సాయం చేయాలి. పదిమంది లేని చిన్న జీడిపప్పు బట్టీలో పనిచేసే ఆడకూతురికైనా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఆమె పేరు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. ఇక ప్రభుత్వ ఆఫీసులో పని కోసం బలవంతం మీద లంచం ఇవ్వాల్సి వస్తే, ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. అలా చేయకపోతే 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడు కూడా నేరస్థుడే. మన రాష్ట్రంలో ఆ ఫిర్యాదు అవినీతి నిరోధక శాఖకు ఇవ్వవచ్చు.

సంతకానికి ఖరీదు ఉంటుందా అంటే, ఉంటుంది. అర్జీ ఇచ్చిన నెలలోనే నన్ను టైమాఫీసు నుంచి స్టోర్స్‌కు మార్చారు. ఆ ఏడాది ఇంక్రిమెంటు మిగతావాళ్ల కంటే తక్కువ వచ్చింది. కాంట్రాక్టు కార్మికులు ముగ్గురినీ మాత్రం ఎవరూ కదపలేదు. ముద్ర పడిన కాగితం మీద వాళ్ల పేర్లు ఉండగా తీసేస్తే ఎందుకు తీసేశారని అడుగుతారని భయపడ్డారని నా నమ్మకం. ఒక్కరే సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. అందుకే ఎవరు అడిగినా, ఇంకో ఇద్దరినైనా కలుపుకోండి అంటాను.

పన్నెండో రోజున శిక్షణ జరిగింది. ఫ్యాక్టరీ ఆవరణలోనే, తెలుగులో, మంటలార్పే సిలిండరు ప్రతి ఒక్కరి చేతికీ ఇచ్చి చూపించారు. స్టోర్స్ వాకిట్లో నిలబడి చూశాను. చివర రిజిస్టరు తెచ్చారు. మూడో వరుస మనిషి కలం పట్టుకుని, పైన ఉన్న తేదీ మీద వేలు పెట్టి, "ఇది ఈ రోజు తేదీయేనా అయ్యా?" అని అడిగాడు. అవునన్నాక సంతకం పెట్టాడు.