జాగ్రత్త: అప్‌గ్రేడ్ పేరుతో ఎవరో వాడి వదిలేసిన రౌటర్ అంటగడుతున్నారు

కంపెనీ పేరు చెప్పక్కర్లేదు. "ఫ్రీ అప్‌గ్రేడ్ సార్, ప్లాన్ 300 ఎంబీపీఎస్, రౌటర్ సరికొత్త వైఫై 6" అంటూ ఊపిరాడనివ్వకుండా ఫోన్లు చేస్తారే, వాళ్లే.

రౌటర్ బిగించి వెళ్లారో లేదో వింత మొదలైంది. ఇంట్లో కూర్చుని మ్యాప్ తెరిస్తే నీలం చుక్క ఎక్కడో వేరే ఊళ్లో ఉంది! వాతావరణం యాప్ కూడా ఆ ఊరి వాన గురించే చెబుతోంది. గడప దాటితే చుక్క మా వీధికి వస్తుంది, లోపలికొస్తే మళ్లీ అక్కడికే.

కంప్లయింట్ ఇస్తే టెక్నీషియన్ వచ్చాడు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. "ఫోన్ ఇలా ఇవ్వండి" అని లాక్కున్నంత పని చేసి, సెట్టింగ్స్‌లో లొకేషన్ యాక్యురసీ ఆఫ్ చేసి, ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టాడు. కాసేపటికి చుక్క ఇంటికొచ్చింది. "చూశారా, ప్రాబ్లం మీ ఫోన్‌దే. ఇవన్నీ మీకు అర్థం కావులెండి" అని ఓ నవ్వు.

అర్థం కాకపోవడమేంటి నాయనా! అది ఆఫ్ చేస్తే ఫోన్ చుట్టుపక్కల వైఫైలను పట్టించుకోకుండా జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముతుంది. అంటే తప్పుడు అడ్రస్ చెప్పేది వైఫైయే అని అతనే నిరూపించాడన్నమాట. లాప్‌టాప్ తెరిచి చూపించాను. దానికి జీపీఎస్ లేదు కాబట్టి ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. దాన్ని మాత్రం చూడలేదు మహానుభావుడు, ఇంకో కంప్లయింట్ ఉందని బ్యాగు సర్దేశాడు.

ప్రతి రౌటర్‌కీ ఒక ఐడీ ఉంటుంది, వైఫై పేరు మార్చినా అది మారదు. దారినపోయే ఫోన్లు ఏ ఐడీ ఎక్కడ కనిపించిందో గూగుల్, యాపిల్ లాంటి వాళ్లకు చేరవేస్తుంటాయి. ఆ లెక్క చూసే మ్యాప్ మనమెక్కడున్నామో చెబుతుంది. మా చుట్టూ వేరే వైఫైలు పెద్దగా లేవు కాబట్టి ఈ రౌటర్ చెప్పిందే వేదం. అప్పుడే సీల్ తీసిన రౌటర్‌కి పాత ఊరు ఎక్కడినుంచి వస్తుంది?

తిప్పి చూస్తే స్టిక్కర్ అంచున పాత స్టిక్కర్ గీకేసిన జిగురు, దానికి అంటుకున్న దుమ్ము. లేబుల్ మీద 802.11ఏసీ అని ఉంది, అంటే వైఫై 5. వైఫై 6 అయితే ఏఎక్స్ అని ఉండాలి. ల్యాన్ పోర్టులు, అంటే కేబుల్ గుచ్చే రంధ్రాలు, 100 ఎంబీపీఎస్‌వి, కేబుల్ పెట్టినా 300 ప్లాన్‌లో 94 దాటట్లేదు. గొప్ప అప్‌గ్రేడే! కస్టమర్ కేర్ వాళ్లేమో "నెట్ వస్తోంది కదా సార్" అని టికెట్ క్లోజ్ చేసేశారు.

మీరైనా పెట్టె మీ కళ్లముందే తెరిపించండి, బిగించక ముందే లేబుల్ ఫొటో తీసుకోండి. ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో నోమ్యాప్ అని కలిపి రాయండి. గూగుల్ ఆ రౌటర్‌ని లొకేషన్ లెక్కలోంచి తీసేస్తుంది, కాకపోతే కాస్త టైం పడుతుంది. నేనైతే రౌటర్ మార్చేదాకా అది చేయను, రుజువుకి స్క్రీన్‌షాట్లు ఇంకా తీయాల్సినవి ఉన్నాయి.