జనరేటర్ ట్రైలర్ కోసం ఎయిర్ బ్యాగులు
మాది ఒడిశాలోని జయపురం. పెళ్ళిళ్ళకి జనరేటర్ అద్దెకిస్తాను. ట్రైలర్ తగిలిస్తే చాలు, పికప్ వెనక్కి చతికిలబడేది; హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలమీద పడేవి. సుంకి ఘాట్‌లో ఎదుటోళ్ళ తిట్లు తెలుగులోనూ ఒడియాలోనూ సమానంగా తిన్నాను.

అందుకే కమాను కట్టలకీ ఛాసిస్‌కీ మధ్య కూర్చునే ఎయిర్ బ్యాగుల (గాలి కొట్టే రబ్బరు తిత్తులు) జత వేయించాను. మొదటి మెకానిక్ రెండింటినీ ఒకే గొట్టానికి కలిపేశాడు. మలుపులో బరువు పడ్డ వైపు గాలి రెండో దాంట్లోకి పారిపోయి బండి ఇంకా వాలేది. పైగా గొట్టం సైలెన్సర్ పక్కనే! విప్పించి, దేని గొట్టం, వాల్వు దానికే పెట్టించాను. సబ్బునీళ్ళు రాస్తే ఒక జాయింట్లో బుడగలు. గొట్టం వాలుగా కోశాడు మరి. బ్లేడుతో తిన్నగా కోసి గుచ్చాక ఆగింది.

ఖాళీ బండికి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపుతో కొలుస్తాను. ట్రైలర్ తగిలించాక ఆ కొలతకి దగ్గరగా వచ్చేదాకా గాలి కొడతాను. నాకు 35 పీఎస్ఐ సరిపోతోంది. ఖాళీగా ఉన్నా 5కి తగ్గనివ్వను, బ్యాగు నలిగిపోద్ది.

బండి మోసే బరువేటీ పెరగదు బాబూ, ఆర్సీలో రాసిందే లెక్క. బ్రేకులూ పాతవే.

ఇప్పుడు లైట్లు రోడ్డుమీదే పడుతున్నాయి. ఖాళీ బండిలో సంతకెళ్తే మాత్రం కుదుపులకి మా ఆవిడ నడుం పట్టుకుంటోంది.