వయోజనుడికి సంరక్షకుడు: కలెక్టరేటుకా, హైకోర్టుకా?

బిడ్డకు 18 ఏళ్లు నిండితే, వైకల్యం ఎంత తీవ్రమైనదైనా, కన్నవారి సంతకానికి చట్టం దృష్టిలో విలువ పోతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నియమితుడైన సంరక్షకుడు 6 నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. కోర్టు మెట్లెక్కే పని లేదు.

చిక్కంతా పక్షవాతంతోనో ప్రమాదంలోనో కోమాలోకి వెళ్లినవారి విషయంలోనే. భర్త ఐసీయూలో ఉంటాడు, డబ్బు ఆయన ఖాతాలో ఉంటుంది, భార్య సంతకాన్ని బ్యాంకు ఒప్పుకోదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే వర్తిస్తుంది. జిల్లా కోర్టుకు దారి చూపిన 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రద్దు చేసింది, ఆ ఏర్పాటును మాత్రం కొనసాగించలేదు. ఇంత మామూలు అవసరానికి చట్టమే లేకపోవడం విడ్డూరం!

ఇక మిగిలింది రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు. కేరళ హైకోర్టు 2019లో ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది: మెడికల్ బోర్డు ధ్రువీకరణ, రెవెన్యూ అధికారి విచారణ, 6 నెలలకోసారి సంరక్షకుడి నివేదిక. ఖర్చు, కాలయాపన ఎక్కువే.

రోగి హైదరాబాద్‌లో, పొలం గుంటూరులో ఉంటే ఏ హైకోర్టు? వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన పరిస్థితి, కొంతైనా ఎక్కడ తలెత్తితే అక్కడ వేయవచ్చు. వైద్య పరీక్ష తప్పదు కాబట్టి, రోగి ఉన్నచోటే వేయడం నయమని నా అభిప్రాయం.