మాడ్రిడ్ దారిలో ట్రేడ్‌మార్క్: హైదరాబాద్ వ్యాపారికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

దుబాయ్‌కి ఆవకాయ, డల్లాస్‌కి కందిపొడి పంపే హైదరాబాద్ బ్రాండుకు మూడు నాలుగు దేశాల్లో పేరు కాపాడుకోవాలంటే మాడ్రిడ్ పద్ధతిని, అంటే ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో ట్రేడ్‌మార్క్ కోరే అంతర్జాతీయ ఏర్పాటును, మించిన చవక దారి లేదు. అయితే దీన్ని ఎవరైనా ‘ప్రపంచమంతటికీ చెల్లే ట్రేడ్‌మార్క్’ అని చెప్తే నమ్మొద్దు. అలాంటిది ఎక్కడా లేదు. జెనీవాలోని వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) దగ్గర దరఖాస్తు ఒక్కటే ఉంటుంది, మార్కు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఏ దేశానికి ఆ దేశమే తన చట్టం ప్రకారం తేల్చుకుంటుంది.

భారత్‌కు ఈ వెసులుబాటు 2013 జులై 8న వచ్చింది. ముందు ఇక్కడ టీఎం-ఏ (భారత్‌లో ట్రేడ్‌మార్క్ కోరే ఫారం) దరఖాస్తు పడాలి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో క్లాసుకు (సరుకుల, సేవల వర్గానికి) 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. హైదరాబాద్ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. దరఖాస్తు నంబరు చేతికొస్తే మాడ్రిడ్ అంతర్జాతీయ దరఖాస్తు అయిన ఎంఎం2 ఫారం నింపొచ్చు. ఇక్కడ దరఖాస్తు వేసిన 6 నెలల్లోపు దాన్ని వేస్తే విదేశాల్లోనూ ఇక్కడి తేదీనే లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క లాభం కోసమైనా గడువు దాటనివ్వకూడదు.

పొరపాట్లన్నీ పుట్టేది ఈ మొదటి దరఖాస్తులోనే. ఎంఎం2లో మార్కు ఇక్కడి మార్కుకు అచ్చుగుద్దినట్టు ఉండాలి. ఇక్కడ తెలుగు లిపిలో మాత్రమే వేసుంటే అక్కడికీ తెలుగు లిపే వెళ్తుంది. దాని ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో విడిగా రాస్తారు గానీ, రక్షణ దొరికేది బొమ్మలో ఉన్నదానికే. విదేశీ ప్యాకెట్ మీద ఇంగ్లిష్ పేరు వేసే ఉద్దేశం ఉంటే ముందే ఆ పేరుకు ఇక్కడ విడిగా దరఖాస్తు వేయాలి. యజమాని పేరు కూడా అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఇక్కడ ప్రొప్రైటర్ పేరు, అక్కడ ప్రైవేట్ లిమిటెడ్ పేరు అంటే కుదరదు.

సరుకుల జాబితా దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. ఊరగాయ 29వ క్లాసు. కారప్పొడి, మసాలాలు, నంజుకునే చట్నీలు 30. హోటల్ సేవ 43. పొడుల్ని 29లో కలిపి రాస్తే వైపో అభ్యంతరం పంపుతుంది, గడువు 3 నెలలు. ఇక్కడి జాబితాలో లేని సరుకును అక్కడ కొత్తగా చేర్చడానికి వీల్లేదు, తగ్గించుకోవచ్చు. వైపో సైటులో సరుకుల పేర్లు వెతికే ఉచిత సాధనం ఉంది, అందులో దొరికిన మాటే వాడితే సగం తలనొప్పి తప్పుతుంది.

ఇక ఖర్చు. ఇక్కడి కార్యాలయానికి 5,000 రూపాయల హ్యాండ్లింగ్ ఫీజు. వైపోకి మూల ఫీజు నలుపు తెలుపు మార్కుకు 653 స్విస్ ఫ్రాంకులు, రంగుల్లో అయితే 903. ఆపైన దేశానికి 100 ఫ్రాంకులు, మూడు దాటిన ప్రతి క్లాసుకు మరో 100. ఈ వందల లెక్క అన్ని దేశాలకూ వర్తించదు. అమెరికా, యూఏఈ, సింగపూర్ వంటివి తమ సొంత రేటు పెట్టుకున్నాయి, అదీ క్లాసుల్ని బట్టి పెరుగుతుంది. వైపో ఫీజు కాలిక్యులేటర్‌లో దేశాలూ క్లాసులూ వేసి చూసుకున్నాకే ఏజెంటుతో మాట్లాడండి. కొటేషన్‌లో ఫ్రాంకుల ఫీజు, 5,000, ఏజెంటు ఫీజు మూడూ విడివిడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే అంకె చెప్పేవారి దగ్గర తొందరపడొద్దు.

ఈ పద్ధతిలో మాకు నచ్చనిది ఐదేళ్ల మెలిక. అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 5 ఏళ్లలోపు ఇక్కడి మార్కు తిరస్కరణకు గురైనా, రద్దయినా అన్ని దేశాల్లోనూ ఆ మేరకు కూలిపోతుంది. మన ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో మార్కు అచ్చయ్యాక 4 నెలలపాటు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. ఆ గొడవ ఐదేళ్లలోపు మొదలైతే, తీర్పు తర్వాత వచ్చినా దెబ్బ తగులుతుంది. కూలిన 3 నెలల్లోపు ఒక్కో దేశంలో విడిగా దరఖాస్తు వేసి పాత తేదీ నిలబెట్టుకోవచ్చు, కానీ ఫీజులు మళ్లీ మొదటినుంచి కట్టాలి. అందుకే ఇక్కడే తిరస్కరణకు గురయ్యే వీలున్న ‘శుద్ధమైన’, ‘రుచికరమైన’ లాంటి వర్ణన పేర్లతో మాడ్రిడ్‌కి వెళ్లడం డబ్బు తగలేసుకోవడమే. ముందు ఇక్కడ గట్టిగా సెర్చ్ చేయించండి.

ఒక్క దేశమే కావాలంటే నేరుగా అక్కడే వేయడం మేలు. మూడు దాటితే మాడ్రిడ్‌దే పైచేయి. పదేళ్లకోసారి రెన్యువల్ అంతా ఒకేచోట, యజమాని మార్పు నమోదుకు 177 ఫ్రాంకులు.

వైపో ఒక్కో దేశానికి సమాచారం పంపిన తేదీ నుంచి దేశాన్ని బట్టి 12 లేదా 18 నెలల్లో తిరస్కరణ రాకపోతే మార్కు దక్కినట్టే. వస్తే ఆ దేశపు అటార్నీ కావాలి, ఆ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు. అమెరికా సంగతి మరీ ప్రత్యేకం. మార్కును వాడే ఉద్దేశం ఉందని ప్రకటించే ఎంఎం18 ఫారం సంతకం చేసి జతచేయాలి, తిరస్కరణకు జవాబు 6 నెలల్లో వెళ్లాలి, అక్కడ రిజిస్టరైన ఐదో ఏడు నిండాక ఆరో ఏడు నిండేలోపు ‘వాడుతున్నాం’ అన్న ప్రకటన నేరుగా అమెరికా కార్యాలయానికే చేరాలి. వైపో రెన్యువల్ దీనికి బదులు కాదు. దరఖాస్తులో ఏజెంటుదే కాక మీ సొంత ఈమెయిల్ కూడా ఇచ్చి, స్పామ్ ఫోల్డరు వారానికోసారి చూస్తుండండి. వైపో నోటీసులు అక్కడికే వస్తాయి, గడువు నోటీసు తేదీ నుంచే నడుస్తుంది.