గానుగ నూనె, కారం, తేనె, పచ్చడి: మేళాకి వెళ్తే డబ్బు దేని మీద పెట్టాలి?

విజయవాడలో డ్వాక్రా మేళా పెట్టినా, ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు సంత పెట్టినా చాలామంది స్టాలుకొకటి చొప్పున అన్నీ తలా కొంచెం కొనేస్తారు. చిన్న తేనె సీసా, కారం ప్యాకెట్, పావుకిలో పచ్చడి, అరలీటరు నూనె. ఇంటికొచ్చాక ఏదీ నాలుగు రోజులకు మించి రాదు. నేనైతే తీసుకెళ్లిన డబ్బులో సగానికి పైగా గానుగ నువ్వుల నూనె మీదే పెడతాను. మేళాలో ఏది కొన్నా వీధి చివర కొట్లో దొరికేదానికీ దానికీ తేడా నిజంగా ఉండాలి, ఆ తేడా స్టాలు దగ్గర నిలబడే మనం పట్టుకోగలగాలి. ఈ రెండూ కలిసొచ్చేది నూనెలోనే.

పెద్దవాళ్లు పప్పు నూనె అనే ఈ నూనెని ముందు అరచేతిలో చుక్క వేసి, రుద్ది వాసన చూడండి. నువ్వుల కమ్మదనం తగలాలి. మాడు వాసన వస్తే వద్దు. అసలు వాసనే లేకపోతే రిఫైన్డ్ నూనె కలిపారేమోనని అనుమానించాల్సిందే. సీసా అడుగున సన్నటి మడ్డి కనిపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. ఆడించి తేర్చిన నూనెలో అది మామూలే.

తర్వాత ధర లెక్క వేయండి. నువ్వుల్లో నూనె బరువులో దాదాపు సగం ఉంటుంది, గానుగలో అదంతా దిగదు. లీటరు నూనెకు సుమారు రెండుంబావు నుంచి రెండున్నర కిలోల గింజలు పడతాయి. కిలో నువ్వులు 180 రూపాయలు అనుకుంటే గింజల ఖర్చే 400 దాటిపోతుంది. నూనె తీశాక మిగిలే తెలగపిండి అమ్మితే కొంత వెనక్కి వస్తుంది, కానీ కూలీ, కరెంటు, సీసా, స్టాలు అద్దె అన్నీ దాని మీదే పడతాయి. అలాంటప్పుడు ఎవరైనా లీటరు 250కి ఇస్తామంటే అది నువ్వుల నూనె ఒక్కటే అయ్యే అవకాశం లేదు. "అక్కా, తెలగపిండి కూడా ఇస్తారా?" అని అడిగి చూడండి. సొంతంగా ఆడించేవాళ్లయితే స్టాల్లో పెట్టకపోయినా దాన్ని ఏం చేస్తున్నారో చెప్తారు. ఇస్తే వదలొద్దు, మునగాకు తెలగపిండి కూరకు అంతకన్నా తాజాది దొరకదు.

అదే స్టాల్లో గానుగ వేరుశనగ నూనె కూడా ఉంటుంది, నువ్వుల నూనెకన్నా చవక. అయినా నేను దాన్ని రెండో స్థానంలోనే పెడతాను. పల్లీలు సరిగ్గా ఎండకపోయినా, నిలవలో చెమ్మ తగిలినా బూజు పడుతుంది, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. రిఫైనింగ్‌లో అది చాలావరకు పోతుంది. గానుగ నూనెలో ఆ దశే లేదు కాబట్టి భారమంతా పల్లీల నాణ్యత మీదే పడుతుంది, పల్లీలేమో మన కంటికి కనపడవు. ఆడించినవాళ్లు బాగా తెలిసినవాళ్లయితే తీసుకోండి. ఏ గానుగ నూనె అయినా బజ్జీల మూకుడుకి వద్దు, తొందరగా పొగ వస్తుంది. పోపులకీ, పచ్చళ్లకీ, పప్పులో వేసుకోవడానికీ దాన్ని మించింది లేదు.

ఇక కారం. గుంటూరు పక్కన ఉండి మేళాలో కారం ప్యాకెట్ కొనడం నాకు అస్సలు నచ్చదు. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది, మిర్చి యార్డు మన ముంగిట్లోనే ఉంది. పొడి అయ్యాక అందులో ఏ కాయ వేశారో, తొడిమలు తీశారో లేదో ఎవరూ చెప్పలేరు. అదే ఎండుమిర్చిగా కొంటే అంతా కళ్ల ముందే ఉంటుంది. ఒక కాయ చేతిలోకి తీసుకోండి. చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలలాడాలి. తొడిమ పచ్చగా, మెత్తగా ఉంటే ఇంకా ఆరలేదని. తెల్లబడిన తాలు కాయలు కలిసి ఉంటే ఆ బస్తా జోలికి పోవద్దు. ఒక కాయ విరిచి లోపల చూడండి, నల్లటి గింజలు గానీ బూజు గానీ ఉండకూడదు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త కాయ వస్తుంది. ఆ తర్వాత దొరికేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన ఏసీ కాయ. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఏసీ సరుకుని కొత్త కాయ ధరకు కొనకూడదు. మిర్చిలో తేజ రకం ఘాటుకి, బాడిగ రకం రంగుకి. ఇంటి వాడకానికి 334 రకం తీసుకుని, రంగు కావాలంటే అందులో కొంచెం బాడిగ కలిపి, ఎండలో పెట్టి, తొడిమలు తీసి మిల్లులో పట్టించుకుంటే చాలు. అంత తీరిక లేక ప్యాకెట్టే కొనాల్సి వస్తే ఇంటికొచ్చాక గ్లాసు నీళ్ల మీద చిటికెడు చల్లండి. చల్లీ చల్లగానే ఎర్రటి చారలు కిందికి జారితే రంగు కలిపినట్టే.

తేనె జోలికి నేను పోను. నీళ్లలో చుక్క వేసి చూపించడం, వత్తి ముంచి వెలిగించడం లాంటి పరీక్షలు దేన్నీ తేల్చవు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) అనే పరిశోధన సంస్థ 2020లో 13 బ్రాండ్ల తేనెని పరీక్షలకు పంపితే అన్నిట్లోనూ నెగ్గినవి మూడే. మామూలు ల్యాబ్ పరీక్షలకే దొరకని చక్కెర పాకాలు కలుపుతున్నారని అప్పుడు బయటపడింది. ల్యాబులే తడబడిన చోట స్టాలు ముందు నిలబడి మనమేం తేల్చగలం? తప్పనిసరిగా కావాలంటే గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, దుకాణంలో కొనుక్కోవడం మేలు. పేరుకున్న తేనె మాత్రం కల్తీ అనుకోవద్దు, అసలు తేనె కూడా పేరుకుంటుంది.

పూతరేకులు ఆ రోజో మర్నాడో తినేసేట్టయితేనే తీసుకోండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ప్రతి డబ్బా మీదా ఆ ఊరి పేరే కనిపిస్తోంది. పేరు చూసి కాదు, ఒకటి కొరికి, నెయ్యి వాసన చూసి కొనండి.

పచ్చళ్లలో ఆవకాయ దండగ, వేసవిలో మన ఇళ్లలోనే పెట్టుకుంటాం. మేళాలో కొనాల్సింది గోంగూర. ఆకు ఏరి, కడిగి, తడి ఆరబెట్టి, నూనెలో మగ్గించే ఓపిక ఇవాళ అన్ని ఇళ్లలో లేదు. ఆ పని బాగా చేసే ఆడవాళ్లు ఈ స్టాళ్లలో ఉన్నారు, వాళ్ల కష్టానికి అడిగిన ధర ఇవ్వొచ్చు, బేరం ఆడక్కర్లేదు. జాడీ మూత తీయించి లోపలి వైపు చూడండి. నీటి చుక్కలు పట్టి ఉంటే వేడి మీద మూత పెట్టారని అర్థం, త్వరలో బూజు వస్తుంది. నూనె పైకి తేలి ఉండాలి. వెనిగర్ ఘాటు ముక్కుకి తగిలితే గోంగూర పులుపు చాలక అది పోశారనుకోవచ్చు. లేబుల్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, తయారైన తేదీ ఉంటే పావుకిలో తీసుకుని, నచ్చితే వాళ్ల ఫోన్ నంబరు రాసుకుని ఇంటికి తెప్పించుకోవచ్చు. నూనెకి మాత్రం ఇంటి నుంచే మూత గట్టిగా ఉన్న స్టీలు క్యాన్ పట్టుకెళ్లండి, చాలా స్టాళ్లలో ఇచ్చేవి పల్చటి ప్లాస్టిక్ సీసాలు.