నెల్లూరులో సివిల్స్ కోచింగ్: ‘పొరుగు దేశాలు, భద్రత’ క్లాసులు ఎలా ఉన్నాయంటే

మాగుంట లేఅవుట్‌లో నేను వెళ్తున్న కోచింగ్ సెంటర్ గురించి చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. పాలిటీ, ఎకానమీ క్లాసులు ఫర్వాలేదు. ఉగ్రవాదం వల్ల పొరుగు దేశాల భద్రతా సహకారం ఎలా మారిందో చెప్పిన క్లాసులు మాత్రం చాలా బాగున్నాయి, కట్టిన ఫీజు వాటికే గిట్టింది.

సార్ ఒప్పందాల జాబితా ఇచ్చి బట్టీ పట్టమనరు. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లోని దేశాలు 1987లోనే ఉగ్రవాద నిరోధక ఒప్పందం చేసుకున్నాయి కదా, మరెందుకు నడవలేదు అని అడిగి మన చేతే చెప్పిస్తారు. 2016లో ఉరీ దాడి తర్వాత ఇస్లామాబాద్ సదస్సుకు రాలేమని మన దేశం చెప్పేసింది, బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా అదే మాటన్నాయి, ఇక అప్పట్నుంచి సార్క్ శిఖరాగ్ర సదస్సే లేదు. అదే ఏడాది గోవా బ్రిక్స్ సమావేశానికి మనవాళ్లు బిమ్స్‌టెక్ (బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి, ఇందులో పాకిస్తాన్ లేదు) నాయకుల్ని పిలిచారు.

శ్రీలంక క్లాసు ఇంకా గట్టిగా పట్టుకుంది. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ పేలుళ్లలో 250 మందికి పైగా చనిపోయారు, ఏప్రిల్ 4నే మన నిఘా వర్గాలు హెచ్చరించినా అక్కడ పట్టించుకున్నవాళ్లు లేరు. 2023లో వాళ్ల సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేననే పరిహారం కట్టమంది. కబురు అందితే చాలదు, అందుకున్నవాళ్లు కదలాలి, సహకారమంటే అదీ అని సార్ చెప్తుంటే హాలంతా సైలెంట్. ఆగిపోయిన భారత్, శ్రీలంక, మాల్దీవుల భద్రతా సమావేశాలు 2020లో కొలంబోలో మళ్లీ మొదలయ్యాయి, వాటినే ఇప్పుడు కొలంబో సెక్యూరిటీ కాంక్లేవ్ అంటున్నారు.

మా బ్యాచ్‌లో జువ్వలదిన్నె కుర్రాడొకడు వాళ్ల నాన్న వేటకెళ్తూ జేబులో పెట్టుకునే బయోమెట్రిక్ కార్డు ఫోటో చూపించాడు, అంచులు ఉప్పునీళ్లకు తెల్లబడి ఉన్నాయి. 2008లో ముంబై మీదికి వచ్చినవాళ్లు ‘కుబేర్’ అనే మన చేపల బోటునే ఎత్తుకొచ్చారు, ఆ తర్వాతే జాలర్లకు ఈ కార్డులు, తీరం వెంట కొత్త మెరైన్ పోలీస్ స్టేషన్లు వచ్చాయని సార్ దాని మీదే చాలాసేపు మాట్లాడారు.

ప్రింటెడ్ మెటీరియల్ మాత్రం పాతది. కొలంబో సెక్యూరిటీ కాంక్లేవ్‌లో 2022లో మారిషస్, 2024లో బంగ్లాదేశ్ చేరితే ఇందులో ఇంకా మూడు దేశాలే ఉన్నాయి. పరీక్ష రాసేవాళ్లకు ఇది చిన్న తప్పు కాదు, వెంటనే మార్చాలి.

నోట్స్ కోసమైతే చేరొద్దు. క్లాసు కోసమైతే తప్పకుండా చేరండి, కాస్త ముందే వెళ్లి ముందు బెంచీల్లో కూర్చోండి, వెనక్కి మైకు సరిగ్గా వినపడదు.